మా చెరువు రొయ్యే నాకు పడలేదు: కనుమ నుంచి జూన్ దాకా

2025 జనవరి 15, కనుమ. భీమవరం దగ్గర మా ఊళ్ళో ఒంటిగంటంపావుకి భోజనాలకి కూర్చున్నాం. గారెలు, నాటుకోడి, రొయ్యల ఇగురు. రొయ్యలు మా నాన్నగారి చెరువువే, పొద్దున్నే వల వేసి తెచ్చినవి. నాకు 36 ఏళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఇగురు తింటూనే ఉన్నాను. నా చదువు, నా పెళ్ళి, అన్నయ్య ఇల్లు, అన్నీ రొయ్యల డబ్బుతో జరిగినవే.

పండగ పనికి నడుము పట్టేసి, భోజనానికి ముప్పావుగంట ముందు ఒక ఐబుప్రొఫెన్ మాత్ర వేసుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. ఇంకొకటి కూడా. అప్పటికి రెండేళ్ళుగా రొయ్యలు తిన్నప్పుడల్లా నాలుక, అంగిలి దురద పెట్టేవి. మసాలా ఘాటనుకుని మంచినీళ్ళు తాగి ఊరుకునేదాన్ని.

ఒకటీ నలభైకి అరిచేతుల్లో దురద మొదలైంది. తర్వాత అరికాళ్ళు, మాడు. చేతులు కడుక్కుని వచ్చేసరికి మెడ నిండా దద్దుర్లు. వదిన నా ముఖం చూసి "నీ పెదాలేంటి అలా అయిపోయాయి?" అంది. సమాధానం చెబుదామంటే నా గొంతు నా గొంతులా లేదు. కడుపులో మెలిపెట్టి వాంతయింది. వీటన్నిటికంటే నాకు ఎక్కువగా గుర్తున్నది ఒక భయం. ఏదో చాలా చెడు జరగబోతోందని ఒళ్ళంతా చెబుతున్నట్టు ఉంది. తర్వాత డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్నల్లో అదొకటి. చాలామందికి అలాగే అనిపిస్తుందట.

దగ్గర్లో ఉన్న చిన్న క్లినిక్‌కి ఐదు నిమిషాల తక్కువ రెండుకి చేరాం. అక్కడ ఏవిల్ అనే అలర్జీ మందు, హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్, రెండు ఇంజక్షన్లు నరానికి ఇచ్చారు. 700 రూపాయలు. పావుగంటలో దద్దుర్లు కొంచెం పలచబడ్డాయి. "తగ్గుతోంది, కాసేపు కూర్చుని వెళ్ళిపోవచ్చు" అన్నారు. పైకి చూస్తే తగ్గినట్టే ఉంది. లోపల మాత్రం ఊపిరి సన్నగా, ఈల వేసినట్టు వస్తోంది. బాత్రూమ్‌కని లేచి నాలుగు అడుగులు వేశాను. కళ్ళు బైర్లు కమ్మి పడిపోయాను. అన్నయ్య ఇక ఎవరినీ అడగలేదు. నన్ను ఎత్తుకుని కారులో పడుకోబెట్టి పట్టణంలోని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

రెండూ నలభై ఐదు. బీపీ 80కి 50. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ రెండే ప్రశ్నలు వేశాడు, ఏం తిన్నారు, ఎంతసేపైంది అని. వెంటనే తొడ బయటి వైపు కండలోకి అడ్రినలిన్ ఇచ్చాడు. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టించాడు. ఎవరూ లేపొద్దు, నడిపించొద్దు అని గట్టిగా చెప్పాడు. గుండె దడదడా కొట్టుకుంది, చేతులు వణికాయి. పది నిమిషాల్లో గొంతు వదులైంది. ఆ ఊపిరి ఎలా ఉంటుందో రాయడానికి నాకు మాటలు లేవు.

దురద మొదలైనప్పటి నుంచి అడ్రినలిన్ అందడానికి 65 నిమిషాలు పట్టింది. నేను ఇదంతా రాస్తున్నది ముఖ్యంగా ఈ ఒక్క అంకె కోసమే. ఏవిల్ దద్దుర్లనీ దురదనీ తగ్గిస్తుంది, పడిపోతున్న బీపీని అది నిలబెట్టదు. హైడ్రోకార్టిజోన్ పనిచేయడానికి గంటలు పడుతుంది. ఒంట్లో రక్తనాళాలు వదులైపోయి, గొంతు మూసుకుపోతున్నప్పుడు ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్, అదీ తొడ కండలోకి. అది నాళాలను బిగించి, శ్వాసనాళాలను తెరిచి, ఇదంతా మొదలుపెట్టిన కణాలను ఇంకా రెచ్చిపోకుండా ఆపుతుంది. క్లినిక్ వాళ్ళ అలమారలో కూడా అది ఉండే ఉంటుంది. ఖరీదు కూడా ఎక్కువేం కాదు.

ఆ రాత్రి పంపించలేదు. అలర్జీ రెండో విడత వస్తుందేమో చూడాలన్నారు. నాకు నమ్మకం కలగలేదు గానీ నిజంగానే రాత్రి పదకొండుకి మళ్ళీ దద్దుర్లు లేచాయి. ఈసారి బీపీ పడలేదు, తెల్లారేసరికి సర్దుకుంది. 16న మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి డిశ్చార్జ్ చేశారు, బిల్లు 14,600. ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. 24 గంటలు నిండలేదట! గంటా పావు తక్కువైంది.

నాన్నగారు ఆ రెండు రోజులూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. మంచం పక్కన కూర్చుని నా పాదం పట్టుకునేవారు. "నేనే పెట్టానమ్మలూ" అన్నారు ఒక్కసారి. అంతే.

హైదరాబాద్ వచ్చాక ఒక తప్పు చేశాను. అలర్జీ డాక్టర్ అపాయింట్‌మెంట్ 27కి దొరికింది. ఆ వారం ఆగలేక, టెన్షన్‌తో, 20న ఒక ల్యాబ్‌లో 'ఫుడ్ అలర్జీ ప్యాకేజీ' చేయించుకున్నాను. 6,800 రూపాయలు. 24న వచ్చిన రిపోర్టులో 19 రకాలు ఎర్ర రంగులో ఉన్నాయి. పాలు, గోధుమ, వేరుశనగ, వంకాయ, నువ్వులు... మూడు రోజులు అన్నం, పెసరపప్పు తప్ప ఏమీ తినలేదు. ఇక జీవితమంతా ఇంతేనా అని వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

27న డాక్టర్ మేడమ్ ఆ రిపోర్టు తిరగేసి, "వీటిలో ఏది తింటే మీకు ఇబ్బంది వచ్చింది?" అన్నారు.

"ఏదీ రాలేదండి, రొయ్యలు తప్ప."

"అయితే ఈ రోజు నుంచే అన్నీ తినండి. రొయ్యలు, పీతలు మాత్రం మానేయండి."

ఐజీఈ అంటే అలర్జీల్లో పాల్గొనే యాంటీబాడీ. రక్తంలో ఒక ఆహారానికి అది కనిపించినంత మాత్రాన ఆ ఆహారం పడదని కాదట. తిన్నప్పుడు ఏం జరిగిందన్నదే ముందు, పరీక్ష దాని వెనకాల నడవాలట. నా మొత్తం ఐజీఈ 640 అని చూసి నేను భయపడ్డాను. ఆ అంకె పెద్దదైతే అలర్జీ ప్రమాదకరమని, చిన్నదైతే కాదని లేదన్నారు.

ఒక్కటి మాత్రం ఆమెను బాధపెట్టింది. కనుమ రోజు ఆసుపత్రిలో ట్రిప్టేజ్ అనే రక్తపరీక్ష తీయలేదు. మాస్ట్ కణాలని ఉంటాయట, చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగుల్లో కాపలా ఉంటాయి. వాటి నిండా చిన్న సంచులు. పైన ఐజీఈ అంటుకుని ఉంటుంది. తనకు తెలిసిన ప్రొటీన్ వచ్చి తగలగానే నిమిషాల్లో సంచులన్నీ విప్పేస్తాయి. హిస్టమిన్, ట్రిప్టేజ్ అందులోంచి వచ్చేవే. రియాక్షన్ మొదలైన గంట రెండు గంటల్లో, ఆలస్యమైనా నాలుగు గంటల్లోపు, రక్తం తీస్తే ట్రిప్టేజ్ పెరిగిందో లేదో తెలుస్తుంది. మామూలు రోజుల్లో తీసిన దానితో పోల్చి చూస్తారు. నాకు ఆ సగం పోయింది. మిగతా సగం, అంటే మామూలు రోజుది, ఆరోజే తీశారు. 3,900 రూపాయలు, ఆరు రోజుల ఎదురుచూపు, 4.1 వచ్చింది. మాస్ట్ కణాల సంఖ్యలోనే తేడా ఉండే జబ్బు ఒకటి ఉందట, ఈ అంకెను బట్టి అలాంటి అనుమానం లేదన్నారు. రొయ్య, పీత, చేప, ఇంటి దుమ్ములో కంటికి కనబడకుండా ఉండే దుమ్ము పురుగు, ఈ నాలుగింటికి విడివిడిగా ఐజీఈ చూడటానికి ఇంకో 5,200. రొయ్యకి 8.6, పీతకి 5.1, దుమ్ము పురుగుకి 22. చేపకి లేదు.

చర్మ పరీక్ష మాత్రం అప్పుడే చేయనన్నారు. కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. అంత పెద్ద రియాక్షన్‌లో మాస్ట్ కణాలు ఖాళీ అయిపోయి ఉంటాయి, మళ్ళీ సంచులు నింపుకోవడానికి సమయం పడుతుంది, ఈలోపు పరీక్ష చేస్తే ఏమీ లేదని తప్పుగా రావచ్చు అన్నారు. అందరూ తొందరపడి వారంలోపే చేయించుకుంటారేమో, ఈ మాట ఎక్కువమందికి తెలియాలి. మార్చి 5కి తేదీ ఇచ్చారు. వారం ముందు నుంచి అలర్జీ మాత్రలు మానేయమన్నారు. పచ్చి రొయ్యలు కొన్ని, ఉడికించినవి కొన్ని, వేరు వేరు డబ్బాల్లో తెమ్మన్నారు.

సంగతి విని నాన్నగారు, హైదరాబాద్ బజారులో కొనవద్దు, నేనే తెస్తానన్నారు. 68 ఏళ్ళ మనిషి రాత్రి బస్సులో ఐసు పెట్టెతో దిగారు. మావారు వేరే గిన్నెలో, తలుపులు మూసి, నేను పక్కింట్లో ఉండగా కొన్ని ఉడికించారు. ఉడికేటప్పుడు వచ్చే ఆవిరి కూడా కొందరికి పడదని మేడమ్ ముందే హెచ్చరించారు.

మార్చి 5న పరీక్ష జరగలేదు. ముందు రెండు చుక్కలు పెడతారు, ఒకటి ఉప్పునీరు, ఒకటి హిస్టమిన్. ఉప్పునీటి దగ్గర ఏమీ రాకూడదు, హిస్టమిన్ దగ్గర దద్దురు రావాలి. నాకు హిస్టమిన్ దగ్గర కూడా రాలేదు. నర్సు అడిగింది, ఏమైనా వేసుకున్నారా అని. అలర్జీ మాత్ర సెట్రిజిన్ మానేశానని ప్రమాణం చేసి చెప్పాను. చివరికి గుర్తొచ్చింది. మూడు రోజుల కిందట జలుబుకని మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర. అందులో క్లోర్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మందు కలిసి ఉంది. జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు, కొన్ని నిద్రమాత్రలు, దిగులుకి వాడే అమిట్రిప్టిలిన్ లాంటి మందులు, ఇవన్నీ ఈ పరీక్షను చెడగొడతాయి. మీరు వేసుకునే ప్రతి మందు రేకూ తీసుకెళ్ళి ముందే చూపించండి, పేరు చెబితే చాలదు. అయితే డాక్టర్‌ని అడక్కుండా ఏ మందూ మానేయకండి. ఆ రోజు వాళ్ళు ఫీజు తీసుకోలేదు. నాన్నగారు ఐసు పెట్టెతో వెనక్కి వెళ్ళారు. బస్సు ఎక్కిస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. "ఏముందమ్మా, చెరువు మనదే, రొయ్యలు మనవే, మళ్ళీ తెస్తాను" అన్నారు.

మార్చి 17, సోమవారం. మళ్ళీ ఐసు పెట్టె. ఈసారి 12 రోజులు ఏ మాత్రా వేయలేదు. రోజూ పొద్దున తుమ్ములు, రాత్రి దురద, నిద్ర లేదు.

ఎడమ చేయి లోపలి వైపు పెన్నుతో అంకెలు వేశారు. ఒక్కో అంకె పక్కన చుక్క, ఆ చుక్కలోంచి చిన్న సూదిమొనతో చర్మాన్ని గిచ్చినట్టు చేస్తారు. రక్తం రాదు, నొప్పి చీమ కుట్టినంత. పచ్చి రొయ్యకు మాత్రం సూదిని ముందు రొయ్యలో గుచ్చి, తర్వాత నా చర్మంలో గుచ్చారు. పక్కన ట్రేలో అడ్రినలిన్ సిరంజిలో తీసి పెట్టి ఉంది. అది చూశాక నాకు భయం తగ్గింది.

తర్వాత 15 నిమిషాలు గోకకూడదు. ఈ మొత్తం ప్రయాణంలో అతి పొడవైన పావుగంట అదే. నాలుగో నిమిషానికే పచ్చి రొయ్య దగ్గర తెల్లటి ఉబ్బు లేచి, దాని చుట్టూ ఎరుపు పాకింది. స్కేలుతో కొలిచారు. ఉప్పునీరు 0, హిస్టమిన్ 5 మి.మీ., రొయ్య ద్రావణం 6, పీత 7, దుమ్ము పురుగు 8, పచ్చి రొయ్య 11, ఉడికించినది 12. మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పాజిటివ్‌గా లెక్క. ఉడికించినదానికి తక్కువ వస్తుందని నేను ఆశ పెట్టుకున్నాను. రొయ్యలో ముఖ్యంగా అలర్జీ తెచ్చే ప్రొటీన్ పేరు ట్రోపోమయోసిన్, దానికి వేడి లెక్కలేదు. ఇగురైనా, వేపుడైనా, ఎండు రొయ్యల పొడైనా ఒకటే. దుమ్ము పురుగులోనూ, బొద్దింకలోనూ దాదాపు అలాంటి ప్రొటీనే ఉంటుంది. ఏళ్ళ తరబడి నాకు పొద్దున్నే వచ్చే తుమ్ములకీ, కనుమ రోజుకీ సంబంధం ఉండవచ్చని మేడమ్ అన్నారు.

కొరమీను, పండుగప్ప రెండూ 0. చేపల్లో అలర్జీ తెచ్చేది వేరే ప్రొటీన్. ఆ సున్నాలు చూసి నాన్నగారు మొదటిసారి నవ్వారు.

పరీక్ష ఫీజు 3,500. అయ్యాక రెండు గంటలు అక్కడే ఉండాలి. అప్పుడు పీజీ చేస్తున్న ఒక అమ్మాయి వచ్చి, తన పరిశోధనకి కొంచెం రక్తం ఇస్తారా అని అడిగింది. తెలుగులో రాసిన అంగీకార పత్రం ఇచ్చి, చదివేదాకా కూర్చుంది. డబ్బులు ఇవ్వరు, నా వైద్యానికి ఆ ఫలితం వాడరు, వద్దంటే ఏమీ అనుకోరు. ఇచ్చాను. 6 మి.లీ.

మాస్ట్ కణాలు రక్తంలో తిరగవు కాబట్టి వాటిని గొట్టంలోకి తీయలేరు. రక్తంలో బేసోఫిల్స్ అనేవి వాటికి చుట్టాల్లాంటివి, తెల్ల కణాల్లో నూటికి ఒకటి కూడా ఉండవు. వాటి మీదా అదే ఐజీఈ అంటుకుని ఉంటుంది. నా రక్తాన్ని చిన్న గొట్టాల్లో పంచి, ఒకదానిలో ఏమీ కలపకుండా, ఇంకోదానిలో రొయ్య సారం కలిపి, ఒంటి వేడిలో ఉంచి, ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో పెడతారు. సంచి విప్పిన కణం మీద సిడి63 అనే గుర్తు బయటికి వస్తుంది, యంత్రం ఆ గుర్తున్న వాటిని లెక్కపెడుతుంది. రక్తం తాజాగా ఉండాలి, ఎక్కువసేపు నిల్వ ఉంటే కణాలు సరిగ్గా స్పందించవు. ఇక్కడ మామూలు ల్యాబ్‌ల్లో ఈ పరీక్ష నాకెక్కడా కనబడలేదు. దీనికి అలర్జీ మాత్రలు కూడా అడ్డు రావట. ఆ మాత్రలు హిస్టమిన్‌ని దాని పని చేయనివ్వవు గానీ కణం సంచి విప్పడాన్ని ఆపవు.

మూడు గంటల తర్వాత ఆ అమ్మాయి మమ్మల్ని పిలిచి తెర చూపించింది. మొదటి గొట్టంలో చుక్కలన్నీ గీతకి ఒక పక్కనే గుంపుగా ఉన్నాయి, అవతలికి వెళ్ళినవి నూటికి రెండు. రొయ్య సారం కలిపిన గొట్టంలో నూటికి 64 అవతల ఉన్నాయి. నేను ఏమీ తినలేదు, నాకు ఏమీ కాలేదు, నా ఒంట్లో కూడా లేని నా కణాలు గాజు గొట్టంలో రొయ్యని గుర్తుపట్టి అలా ఉలిక్కిపడ్డాయి. కనుమ రోజు నా లోపల ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. అది నా బలహీనత కాదు, ఎవరి దిష్టీ కాదు, అమ్మ వంటలో లోపం కాదు. నాన్నగారు తెరకి దగ్గరగా వెళ్ళి చాలాసేపు చూశారు. "ఇవి మనకి కాపలా ఉండాల్సినవే కదమ్మా?" అని అడిగారు ఆ అమ్మాయిని. "అవునండి" అంది. "రొయ్యని తప్పుగా శత్రువు అనుకుంటున్నాయి." ఆ మాట తర్వాత నాన్నగారి ముఖంలో కనుమ నుంచి ఉన్న బరువు కొంచెం దిగినట్టు అనిపించింది.

ఆ సాయంత్రం ఏడింటికి, గిచ్చిన చోట మళ్ళీ వాపు వచ్చింది. పొద్దుటిలా తెల్లటి ఉబ్బు కాదు, వేడిగా, గట్టిగా, నొప్పిగా. ఫోన్ చేస్తే, ఒళ్ళంతా ఏమైనా ఉందా, ఊపిరి బాగుందా అని అడిగి, ఏమీ లేదని తెలిశాక, ఇది ఆలస్యంగా వచ్చే విడత అన్నారు. మాస్ట్ కణాల పిలుపు విని ఇసినోఫిల్స్ లాంటి కణాలు కొన్ని గంటల తర్వాత అక్కడికి చేరతాయట. రెండు రోజుల్లో తగ్గింది. ఇది ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి అంత కంగారు పడేవాళ్ళం కాదు.

ఇక మిగిలింది నేను ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన అడ్రినలిన్ సంగతి. విదేశాల్లో పెన్నులా నొక్కితే చాలు, అడ్రినలిన్ దిగే పరికరం ఉంటుందట. నేను తిరిగిన మెడికల్ షాపుల్లో ఎక్కడా దొరకలేదు. మేడమ్ ఆంప్యూల్స్, సిరంజిలు రాసిచ్చి, నాకూ మావారికీ వాడటం నేర్పారు. చీటీ ఉన్నా మూడు షాపుల్లో లేవన్నారు. ఒక ఆసుపత్రి ఫార్మసీలో మూడు ఆంప్యూల్స్, సిరంజిలు కలిపి 140 రూపాయలకు దొరికాయి. నా మోతాదు 0.5 మి.లీ., అది మా తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటించి ఉంది. మీది మీ డాక్టరే చెప్పాలి. బత్తాయి మీద నీళ్ళతో సాధన చేశాం. ఆంప్యూల్ మెడ విరిచేటప్పుడు గుడ్డ చుట్టుకోండి, మావారికి మొదటిసారి వేలు తెగింది. ఎండ తగలకూడదు, కారులో వదిలేయకూడదు, గడ్డకట్టకూడదు. ద్రవం రంగు మారితే పారేయాలి. ఇంజక్షన్ చేసుకున్నా ఆసుపత్రికి వెళ్ళి తీరాలి.

ఐబుప్రొఫెన్ సంగతి. అలాంటి నొప్పి మాత్రలు, భోజనం తర్వాత కష్టమైన పని, మద్యం, జ్వరం, ఇవి రియాక్షన్‌ని పెంచగలవట. రెండేళ్ళు నాలుక దురదతో ఆగింది ఆ రోజు అంతదూరం పోవడానికి ఆ మాత్ర కూడా ఒక కారణం కావచ్చన్నారు.

జూన్ 9న తిరిగి చూపించుకున్నాను. మందులు ఏమీ మార్చలేదు. ఇక్కడ రాయని చిన్న ఖర్చులతో కలిపి మొత్తం లెక్క వేస్తే 36,140 రూపాయలు అయింది, బస్సు ఛార్జీలు కాకుండా. అందులో 6,800 అనవసరం.

జూన్ చివర్లో చెరువు పట్టుబడికి ఊరు వెళ్ళాను. గట్టు మీద, గాలి నా వైపు నుంచి వీచేచోట కుర్చీ వేశారు. అమ్మ నాకు వేరే మూకుడు, వేరే గరిటె కొని, అలమారలో పై అరలో పెట్టింది. పండుగప్ప పులుసు చేసింది. నాన్నగారు ఆంప్యూల్ విరవడం నేర్చుకుంటానని కూర్చున్నారు. చెయ్యి వణకలేదు.

నేను హైదరాబాద్ వచ్చిన వారానికి ఫోన్ చేశారు. చెరువు దగ్గర రొయ్యలు ఏరే కుర్రాడికి చాలాకాలంగా చేతులకి దద్దుర్లు వస్తున్నాయట, ఈ మధ్య ఆయాసం కూడా వస్తోందట. చెరువులో వేసే మందు వల్లో, ఎండ వల్లో అనుకుని ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. పరీక్ష చేయించడానికి తీసుకొస్తున్నానన్నారు.

"రొయ్యలు పచ్చివి తేవాలా, ఉడికించినవా అమ్మలూ?"

"రెండూ తీసుకురండి నాన్నగారూ, వేరు వేరు డబ్బాల్లో. జలుబు మాత్రలేమైనా వేసుకుంటున్నాడేమో ముందు అడగండి" అన్నాను.